స్విట్జర్లాండ్ చదువంటే హోటల్ మేనేజ్‌మెంట్ ఒక్కటే కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

యూరప్‌లో మాస్టర్స్ చదువుల మీద మీ పేపర్లో వచ్చిన కథనం చదివాను. జర్మనీకి సగం పేజీ ఇచ్చారు, ఐర్లాండ్‌కి పావు పేజీ ఇచ్చారు, స్విట్జర్లాండ్ దగ్గరికి వచ్చేసరికి హోటల్ మేనేజ్‌మెంట్ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పోనీ అక్కడితో ఆగినా బాగుండేది. కింద పట్టికలో బాసెల్, బెర్న్ యూనివర్సిటీలు కలిసి ఇచ్చే ఇంటర్నేషనల్ అండ్ మానిటరీ ఎకనామిక్స్ జాయింట్ మాస్టర్స్ పేరు వేసి, దాని ఎదురుగా 'ఎంబీఏ ఫైనాన్స్‌తో సమానం' అని రాశారు. ఈ ఉత్తరం ఆ ఒక్క లైను గురించే. నేను బాసెల్‌లో ఉంటున్నాను, బ్యాంకింగ్‌లో పనిచేస్తున్నాను, ఇలాంటి కోర్సులు చదివి వచ్చినవాళ్ళతో రోజూ కూర్చుంటాను. అప్లికేషన్ల సీజన్ వస్తే చాలు, తెలిసినవాళ్ళ పిల్లలు ఫోన్ చేసి "అంకుల్, ఇది చేస్తే బ్యాంకులో జాబ్ గ్యారంటీయా?" అని మొదలుపెడతారు. మీ పట్టిక చూశాక ఆ ఫోన్లు ఇంకా పెరుగుతాయేమోనని నా టెన్షన్.

ఎంబీఏ ఫైనాన్స్‌లో ఒక కంపెనీ డబ్బు ఎక్కడినుంచి తెచ్చుకోవాలి, ఎందులో పెట్టాలి అన్నది నేర్పుతారు. ఇక్కడ అడిగే ప్రశ్నలే వేరు. అసలు డబ్బు ఎక్కడ పుడుతోంది, వడ్డీ రేటు ఎవరు ఏం చూసి మారుస్తున్నారు, ఒక దేశపు కరెన్సీ పక్కదేశపు కరెన్సీ ముందు ఎందుకు లేస్తుంది ఎందుకు పడుతుంది, పడితే ఆ దెబ్బ చివరికి ఎవరి నెత్తిన పడుతుంది, ఇవీ ప్రశ్నలు. మాక్రో ఎకనామిక్స్, మానిటరీ థియరీ, అంతర్జాతీయ వాణిజ్యం, ఎకనామెట్రిక్స్ (ఆర్థిక సిద్ధాంతాల్ని గణాంకాలతో పరీక్షించే విద్య), వీటన్నిటి వెనకాల బోలెడంత లెక్కలు. బ్యాలెన్స్ షీట్ చదవడం వస్తే మంచిదే, కానీ ఇక్కడ చదివే బ్యాలెన్స్ షీట్ కంపెనీది కాదు, సెంట్రల్ బ్యాంకుది. ఆ రెండూ ఒకటే అనుకుని వచ్చిన పిల్లలు మొదటి సెమిస్టర్లోనే బిక్కమొహం వేస్తారు.

ఇలా చెబితే గాల్లో మాటల్లా ఉంటాయి కాబట్టి ఈ దేశంలో జరిగినదాన్నే తీసుకుంటాను. 2011 వేసవిలో యూరో దేశాల అప్పుల గొడవ ముదిరి, డబ్బున్నవాళ్ళంతా భద్రంగా ఉంటుందని స్విస్ ఫ్రాంకులు కొనడం మొదలుపెట్టారు. ఆగస్టులో ఒక యూరోకి దాదాపు ఒక్క ఫ్రాంకే వచ్చే స్థితి వచ్చింది. వాచీలు, యంత్రాలు, మందులు ఎగుమతి చేసి బతికే దేశానికి అది చావుదెబ్బ. సెప్టెంబర్ 6న స్విస్ నేషనల్ బ్యాంక్ (మన రిజర్వ్ బ్యాంకు లాంటి ఇక్కడి సెంట్రల్ బ్యాంకు) ముందుకొచ్చి, యూరో ధర 1.20 ఫ్రాంకుల కంటే కిందికి పోనివ్వం, అందుకోసం ఎన్ని యూరోలైనా, డాలర్లైనా, ఇంకేవైనా పరిమితి లేకుండా కొంటాం అని ప్రకటించింది. కొంది కూడా. ఫ్రాంకులు సృష్టించేది తనే కాబట్టి కొనడానికి డబ్బుల కొరత ఉండదు. ఇక్కడ ఒక తమాషా ఉంది. బలహీనపడుతున్న కరెన్సీని నిలబెట్టాలంటే విదేశీ నిల్వలు అమ్మాలి, అవి అయిపోతే చేతులెత్తేయాలి, 1992 సెప్టెంబర్లో బ్రిటన్‌కి అదే జరిగింది. బలపడుతున్న కరెన్సీని తొక్కిపట్టడానికి మాత్రం నిల్వలు అయిపోవడమనేది లేదు, పైగా పెరుగుతూ పోతాయి. 2014 చివరికి స్విస్ విదేశీ నిల్వలు దాదాపు 500 బిలియన్ ఫ్రాంకులకు చేరాయి.

మరి అయిపోయే ప్రమాదమే లేనప్పుడు 2015 జనవరి 15న ఎందుకు వదిలేశారు? గురువారం ఉదయం, ముందస్తు హెచ్చరిక ఏమీ లేకుండా, కనీస రేటు ఎత్తేశాం అన్నారు. అంతకు కొద్దిరోజుల ముందే బ్యాంకు ఉపాధ్యక్షుడు టీవీలో ఆ కనీస రేటే మా విధానానికి మూలస్తంభం అని చెప్పి ఉన్నాడు. నిమిషాల్లో యూరో ఒక ఫ్రాంకు కంటే కిందికి జారిపోయింది, స్విస్ షేర్ మార్కెట్ ఆ ఒక్క రోజే 9 శాతం దాకా పడింది, కరెన్సీ ట్రేడింగ్ నడిపే బ్రోకర్ కంపెనీలు కొన్ని ఆ వారంలోనే మూతబడ్డాయి. వడ్డీ తక్కువని ఆశపడి ఫ్రాంకుల్లో ఇంటి అప్పు తీసుకున్న పోలెండ్ కుటుంబాలు, జీతం జ్లోటీల్లో వస్తుంది కిస్తీ ఫ్రాంకుల్లో కట్టాలి, ఒక్క పూటలో వాళ్ళ అప్పు భారం అమాంతం పెరిగిపోయింది. ఆ కేసులు ఏళ్ళ తరబడి కోర్టుల్లో నడిచాయి. హంగరీ మాత్రం అంతకు కొద్దివారాల ముందే ఆ అప్పుల్ని తన సొంత కరెన్సీలోకి మార్చే రేటు ఖాయం చేసుకుని గండం గట్టెక్కింది. అదృష్టమో ముందుచూపో ఇప్పటికీ వాదించుకుంటారు.

ఎందుకు వదిలేశారన్నదానికి వస్తే, వారం తిరిగేసరికి యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ కొత్త యూరోలు సృష్టించి భారీగా బాండ్ల కొనుగోలు ప్రకటించబోతోందని అందరూ అనుకుంటున్నారు, జనవరి 22న ప్రకటించింది కూడా. అంటే యూరో ఇంకా పడుతుంది, 1.20 దగ్గర నిలబెట్టాలంటే నేషనల్ బ్యాంకు మార్కెట్లో అమ్మకానికొచ్చే ప్రతి యూరోనీ కొంటూ కూర్చోవాలి. ఆర్థికవేత్త రాబర్ట్ మండెల్ పేరుతో చెప్పుకునే త్రిశంకు సంకటం ఇదే. కరెన్సీ రేటు కట్టేసి ఉంచడం, డబ్బుని స్వేచ్ఛగా దేశం లోపలికీ బయటికీ పోనివ్వడం, వడ్డీ రేటు మన ఇష్టప్రకారం పెట్టుకోవడం, ఈ మూడింట్లో ఏ రెండైనా దొరుకుతాయి, మూడోది వదులుకోవాలి. ప్రతి పాఠ్యపుస్తకంలో ఒక త్రిభుజం గీసి ఈ ముక్క రాస్తారు, పిల్లలు బట్టీపట్టి రాసేస్తారు. 2011 నుంచి 2015 దాకా జరిగింది దగ్గర పెట్టుకుని చదివితే ఆ త్రిభుజంలో ఒక్కో మూల వదులుకోవడానికి ఎంత ఖరీదు పడుతుందో అర్థమవుతుంది. ఇంకో పదేళ్ళు పట్టుకుని ఉండాల్సిందన్నవాళ్ళూ ఉన్నారు, అసలు మొదలే పెట్టకుండా ఉండాల్సిందన్నవాళ్ళూ ఉన్నారు. నా మటుకు నాకు వదిలేయడం సరైనదే అనిపిస్తుంది, వదిలేసిన తీరే బాగాలేదు. పైగా ఇది స్విస్ వాళ్ళకి మొదటిసారి కూడా కాదు. 1978 అక్టోబర్లో జర్మన్ మార్కు మీద ఇలాంటి పరిమితే పెట్టారు, దాన్ని కాపాడడానికి ఫ్రాంకులు వరదలా వదిలారు, ఫలితంగా కొన్నేళ్ళకి ధరలు పైకెక్కి కూర్చున్నాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పోల్చడమనే పని ఎంబీఏ ఫైనాన్స్‌లో ఎవరూ చేయించరు.

మారకపు రేటు కంటికి కనిపించేది ఎక్కడో చెబుతాను. బాసెల్‌లో 8వ నంబరు ట్రామ్ ఉంది, అది సరిహద్దు దాటి జర్మనీలోని వైల్ ఆమ్ రైన్ దాకా వెళ్తుంది. ఆ లైను పొడిగించింది 2014 డిసెంబర్లో, ఆ తర్వాతి నెలలోనే ఫ్రాంకు ఎగిరింది. ఇక చూడండి, శనివారం వస్తే ఆ ట్రామ్‌లో కాలు పెట్టడానికి చోటుండదు, జనం ఖాళీ బండి సంచులతో వెళ్ళి షాంపూలు, డైపర్లు, మాంసం, చీజు నింపుకుని తిరిగొస్తారు, వచ్చేటప్పుడు జర్మన్ కస్టమ్స్ కిటికీ దగ్గర చేతిలో ఆకుపచ్చ కాగితాలు పట్టుకుని క్యూ కడతారు. ఆ కాగితం మీద ముద్ర పడితే అక్కడ కట్టిన వ్యాట్ వెనక్కి వస్తుంది. అది భరించలేక స్విస్ ప్రభుత్వం 2025 జనవరి నుంచి పన్ను లేకుండా తెచ్చుకునే సరుకు పరిమితిని 300 ఫ్రాంకుల నుంచి 150కి తగ్గించింది. ఒకే సరుకుకి మారకపు రేటు లెక్కన ఎక్కడైనా ఒకే ధర ఉండాలంటూ, కొనుగోలు శక్తి సమానత అని క్లాసులో చెప్పే సిద్ధాంతం ఎంతవరకు నిజమో, ఎక్కడ పనిచేయదో, ఈ ట్రామ్ ఎక్కినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

అసలు ఈ కోర్సు ఈ రెండు ఊళ్ళలోనే ఎందుకుందో చూస్తే మీ పట్టికలో ఆ లైను ఎంత తప్పో తెలుస్తుంది. బాసెల్ రైల్వే స్టేషన్ బయటికి రాగానే గోధుమరంగులో గుండ్రంగా ఒక టవర్ కనిపిస్తుంది, అది బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్. సెంట్రల్ బ్యాంకులకి బ్యాంకు అన్నమాట. 1930లో, మొదటి ప్రపంచయుద్ధం నష్టపరిహారాన్ని జర్మనీ దగ్గర వసూలు చేసి పంచడానికి పెట్టారు, ఆ పని రెండేళ్ళలో ముగిసిపోయినా బ్యాంకు మాత్రం మిగిలింది. దాని చరిత్ర అంతా గొప్పదేం కాదు, 1939లో నాజీలు ప్రాగ్‌ని ఆక్రమించుకున్నాక చెకోస్లొవేకియా బంగారం ఈ బ్యాంకు ఖాతాల మీదుగానే జర్మనీకి చేరింది, 1944లో బ్రెటన్ వుడ్స్ సమావేశం దీన్ని మూసేయాలని తీర్మానించింది కూడా. మూతపడలేదు. ఇప్పుడు రెండు నెలలకోసారి ప్రపంచంలోని చాలా సెంట్రల్ బ్యాంకుల అధిపతులు అక్కడ చేరతారు, మన తెలుగువాళ్ళు వై.వి. రెడ్డి గారు, దువ్వూరి సుబ్బారావు గారు రిజర్వ్ బ్యాంకు గవర్నర్లుగా వచ్చి కూర్చున్నది ఆ టేబుల్ దగ్గరే.

బ్యాంక్ పరీక్షలకి చదివే పిల్లలు 'బాసెల్ నిబంధనలు' (బ్యాంకులు సొంత మూలధనం ఎంత ఉంచుకోవాలో చెప్పేవి) అని బట్టీపడతారు కదా, అవి పుట్టింది కూడా ఇక్కడే. 1974 జూన్‌లో జర్మనీలో హెర్‌స్టాట్ అనే బ్యాంకు మూతబడింది. దానితో లావాదేవీ చేసిన బ్యాంకులు ఫ్రాంక్‌ఫర్ట్‌లో పొద్దున మార్కులు కట్టేశాయి, న్యూయార్క్ ఇంకా తెరుచుకోలేదు, అక్కడ తమకి రావాల్సిన డాలర్లు చేతికందేలోగా బ్యాంకు లైసెన్సు రద్దయింది. మార్కులు పోయాయి, డాలర్లు రాలేదు. రెండు ఊళ్ళ గడియారాల మధ్య ఉన్న తేడాయే నష్టమైపోయింది. ఆ గొడవతోనే ఆ ఏడాది చివర్లో బాసెల్ కమిటీ ఏర్పడింది, 1988లో రిస్కుతో తూచిన ఆస్తుల (ప్రమాదం ఎక్కువ ఉన్న అప్పుకి ఎక్కువ బరువిచ్చి కట్టిన లెక్క) మీద 8 శాతం మూలధనం ఉండాలన్న మొదటి ఒప్పందం వచ్చింది, 2008 సంక్షోభం తర్వాత మూడోది వచ్చింది. 

బెర్న్ సంగతి ఇంకో రకం. రాజధాని కాబట్టి నేషనల్ బ్యాంక్ భవనం పార్లమెంట్ పక్కనే ఉంటుంది (బ్యాంకుకి జ్యూరిక్‌లో ఒకటి, బెర్న్‌లో ఒకటి, రెండు ప్రధాన కార్యాలయాలు), ఆర్థిక వ్యవహారాల శాఖ అక్కడే, బ్యాంకుల మీద నిఘా పెట్టే ఫిన్మా అక్కడే. ఊరికి కాస్త దూరంలో గెర్జెన్‌జే అనే పల్లెలో నేషనల్ బ్యాంక్ నడిపే స్టడీ సెంటర్ ఉంది, ప్రపంచం నలుమూలల నుంచీ సెంట్రల్ బ్యాంకు ఉద్యోగులు వచ్చి శిక్షణ తీసుకుంటారు. మానిటరిజం (చెలామణిలో ఉన్న డబ్బు ఎంతన్నదే ధరల్ని నడిపిస్తుందనే వాదం) అన్న మాటని 1968లో వాడుకలోకి తెచ్చిన కార్ల్ బ్రన్నర్ చాలా ఏళ్ళు బెర్న్‌లో పాఠాలు చెప్పాడు. ఇంకో విషయం, 2012 నుంచి 2024 దాకా నేషనల్ బ్యాంక్ అధ్యక్షుడిగా ఉన్న థామస్ జోర్డన్ డాక్టరేట్ బెర్న్‌లో చేశాడు, ఆయన తర్వాత వచ్చిన మార్టిన్ ష్లేగెల్ డాక్టరేట్ బాసెల్‌లో. అలాగని ఈ మాస్టర్స్ చేస్తే గవర్నర్ అయిపోతారని నేననడం లేదు, ఈ రెండు ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్లకీ ఈ సబ్జెక్టుకీ ఉన్న చుట్టరికం అలాంటిదని చెబుతున్నాను.

జాయింట్ అనే దాని గురించి కూడా గందరగోళం చాలా ఉంది. మన దగ్గర ఏజెంట్లు జాయింట్ డిగ్రీ, డబుల్ డిగ్రీ, ట్విన్నింగ్ అన్నీ ఒకే గాటన కట్టేసి "రెండు సర్టిఫికెట్లు వస్తాయండీ" అని ఊరిస్తారు. జాయింట్ డిగ్రీలో వచ్చేది ఒక్క పట్టానే, దాని మీద రెండు యూనివర్సిటీల పేర్లూ ఉంటాయి. రెండు సర్టిఫికెట్లు వచ్చేది డబుల్ డిగ్రీలో. ఏది గొప్ప అంటే ఏదీ కాదు. బెర్న్ యూనివర్సిటీ 1834 నాటిది, బాసెల్‌ది 1460 నాటిది, స్విట్జర్లాండ్‌లో అన్నిటికంటే పాతది, కానీ లండన్, షికాగో వాటితో పోలిస్తే రెండు చోట్లా ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్లు చిన్నవి. ద్రవ్య విధానం లాంటి ఇరుకైన సబ్జెక్టులో పది పదిహేను రకాల ఆప్షనల్ పేపర్లు పెట్టాలంటే ఒక్క యూనివర్సిటీకి కష్టం. ఇద్దరూ కలిస్తే విద్యార్థికి వడ్డించే విస్తరి పెద్దదవుతుంది. అంతకు మించి ఇందులో మాయ ఏమీ లేదు.

యూరప్‌లో ఇంకో రకం జాయింట్ మాస్టర్స్ ఉన్నాయి, ఎరాస్మస్ ముండస్ కింద, వాటిలో ఒక ఏడాది పారిస్‌లో ఉంటే ఇంకో ఏడాది వెనిస్‌లోనో బార్సిలోనాలోనో ఉండాలి. దేశం మారినప్పుడల్లా వీసా, ఇల్లు, బ్యాంకు అకౌంటు అన్నీ మళ్ళీ మొదటికి. అది కావాలనుకునేవాళ్ళకి అదే సరదా. ఇక్కడ అలా కాదు, రెండు ఊళ్ళ మధ్య రైల్లో గంట, అరగంటకో బండి. పొద్దున బాసెల్‌లో ఎక్కి బెర్న్‌లో క్లాసు విని సాయంత్రానికి తిరిగి రావచ్చు. అలాగని చిరాకులు లేకపోలేదు, రెండు చోట్లా టైమ్‌టేబుల్స్ వేరు, పరీక్షలకి పేరు నమోదు చేసుకునే గడువులు వేరు, కంప్యూటర్ లాగిన్లు వేరు, ఒకచోట గడువు చూసుకుని రెండోచోట మర్చిపోతే ఆ పరీక్ష ఇక వచ్చే సెమిస్టరుకే. రైల్లో తిరిగే వాళ్ళు హాఫ్ ఫేర్ కార్డు తీసుకోకపోతే మాత్రం జేబుకి చిల్లే.

ఇంకో సంగతి మీ కథనంలో రాసి ఉంటే చాలా బాగుండేది. డబ్బు గురించి జనాన్ని నేరుగా ఓటు అడిగే దేశం ఇది. 2014 నవంబర్ 30న, నేషనల్ బ్యాంకు ఆస్తుల్లో కనీసం 20 శాతం బంగారం ఉండాలి, దాన్ని ఎప్పటికీ అమ్మకూడదు అన్న ప్రతిపాదన మీద ఓటింగ్ పెట్టారు, 77 శాతం వద్దన్నారు. వద్దన్నారు కాబట్టి సరిపోయింది, అమ్మడానికి వీల్లేని బంగారం అవసరానికి ఏం ఆదుకుంటుంది? 2018 జూన్ 10న ఇంకా పెద్ద ప్రశ్న వేశారు. మామూలు బ్యాంకు అప్పు ఇచ్చినప్పుడు మన ఖాతాలో పడే ఆ డబ్బు అప్పటికప్పుడు పుట్టిందే, ఆ అధికారం బ్యాంకుల దగ్గర తీసేసి నేషనల్ బ్యాంకు ఒక్కదానికే ఇవ్వాలా అని. దాదాపు 76 శాతం మంది కాదన్నారు. ఓడిపోతేనేం, ఆ ఓటింగ్‌కి ముందు నెలల్లో టీ కొట్టు దగ్గర మాట్లాడుకున్నట్టు మామూలు జనం డిపాజిట్ అంటే ఏమిటి, బ్యాంకు దగ్గర నిజంగా ఉన్నదెంత అని వాదించుకున్నారు. చాలా దేశాల్లో ఎకనామిక్స్ డిగ్రీ చేసినవాళ్ళకి కూడా ఆ ముక్క సరిగా తెలియదు, బ్యాంకు మన డిపాజిట్ తీసి ఇంకొకడికి అప్పిస్తుందనే అనుకుంటూ ఉంటారు.

2023 మార్చి 19, ఆదివారం సాయంత్రం ప్రభుత్వం, నేషనల్ బ్యాంకు పెద్దలు బెర్న్‌లో విలేకర్ల ముందు కూర్చుని, కుప్పకూలబోతున్న 1856 నాటి క్రెడిట్ స్వీస్ బ్యాంకుని ఇంకో పెద్ద స్విస్ బ్యాంకు యూబీఎస్ 3 బిలియన్ ఫ్రాంకులకి కొంటోందని చెప్పారు. షేర్లు ఉన్నవాళ్ళకి ఎంతో కొంత దక్కింది, ఏటీ1 బాండ్లు (బ్యాంకు కష్టాల్లో పడితే రద్దు చేయడానికి వీలున్నవి) కొన్నవాళ్ళ 16 బిలియన్ ఫ్రాంకులు మాత్రం సున్నా అయిపోయాయి. మామూలుగా నష్టం ముందు షేర్‌హోల్డర్ది, తర్వాతే బాండ్ పట్టుకున్నవాడిది. ఇక్కడ వరస తలకిందులైంది, కోర్టుల దాకా వెళ్ళారు. ఆ బాండ్లు పుట్టిందే బాసెల్ మూడో ఒప్పందంతో. అంటే స్టేషన్ ఎదురుగా ఉన్న టవర్లో రాసుకున్న నిబంధన గంట ప్రయాణం దూరంలో ఒక ఆదివారం పూట అమలై చూపించింది. అలాగే 2022లో నేషనల్ బ్యాంకు 132.5 బిలియన్ ఫ్రాంకుల నష్టం చూపించింది, 1.20 కాపాడడానికీ ఆ తర్వాతా కొన్న విదేశీ బాండ్లూ షేర్లూ ఒక్కసారిగా పడ్డాయి. రాజ్యాంగం ప్రకారం లాభంలో మూడింట రెండొంతులు రాష్ట్రాలకి, ఇక్కడి లెక్కలో కాంటన్లకి, పంచాలి. ఆ ఏడు లాభమే లేదు కాబట్టి 2023లో వాళ్ళకి పైసా రాలేదు, ఆ డబ్బు వస్తుందని బడ్జెట్లో రాసుకున్న కాంటన్లు తలలు పట్టుకున్నాయి. మారకపు రేటు విధానం ఎక్కడో జ్యూరిక్‌లో తీసుకున్న నిర్ణయమే, చివరికి అది ఒక ఊరి స్కూలు ఖర్చు మీద పడుతుంది.

ఇక ఎవరు చేరాలి, ఎవరు వద్దు అన్నదగ్గరికి వస్తాను, మీ పట్టిక వల్ల నష్టం జరిగేది ఇక్కడే. బీకాం, బీబీఏ చేసి, లెక్కలు ఇంటర్‌తో వదిలేసి, 'ఫైనాన్స్‌తో సమానం' అని నమ్మి అప్లై చేస్తే రెండు రకాల చిక్కు. మొదటిది అసలు సీటే రాకపోవచ్చు, డిగ్రీలో మైక్రో, మాక్రో, స్టాటిస్టిక్స్, ఎకనామెట్రిక్స్ ఎంతెంత చదివారో ఒక్కో పేపరూ చూస్తారు. రెండోది, వచ్చినా నెట్టుకురావడం కష్టం. ఇవాళ్టి నిర్ణయం రేపటి మీద పడే ప్రభావం కూడా కలిపి లెక్కవేసే ఆప్టిమైజేషన్, మ్యాట్రిక్సులు, ప్రాబబిలిటీ, ఇవి చేతికి అలవాటై ఉండాలి, ఆర్ లాంటిదో మ్యాట్‌ల్యాబ్ లాంటిదో కనీసం ఒక ప్రోగ్రామింగ్ భాష రాసే అలవాటుండాలి. ఇంజినీరింగ్ చేసినవాళ్ళకి లెక్కలు వచ్చుగానీ ఎకనామిక్స్ పేపర్లు ఉండవు, వాళ్ళదింకో చిక్కు. ఎకనామిక్స్ ఆనర్స్ చేసి, లెక్కలంటే భయం లేక, పొద్దున్నే పేపర్లో రెపో రేటు వార్త ముందు చదివే పిల్లలుంటారు చూడండి, వాళ్ళకి మాత్రం ఇది సరిగ్గా సరిపోతుంది. అలాంటివాళ్ళు మన దగ్గర లేరనడం అబద్ధం. వాళ్ళకి ఈ కోర్సు ఉందని చెప్పేవాళ్ళే లేరు.

ఉద్యోగాల మాట. సెంట్రల్ బ్యాంకులు, ఆర్థిక మంత్రిత్వ శాఖలు, బ్యాంకుల్లోనూ ఇన్సూరెన్సు కంపెనీల్లోనూ పరిశోధన విభాగాలు, రోష్, నోవార్టిస్ లాంటి మందుల కంపెనీల్లో డబ్బు వ్యవహారాలు చూసే ట్రెజరీలు, లేదా పీహెచ్‌డీ. దారులు ఉన్నాయి, వెడల్పైనవి కావు. చదువు ఇంగ్లిష్‌లోనే, కానీ క్లాసు బయట జర్మన్ లేకపోతే ఇంటర్వ్యూ దాకా పిలవడం కూడా కష్టం, వచ్చిన రోజునుంచే నేర్చుకోవాలి, పైగా ఇక్కడివాళ్ళు మాట్లాడేది పుస్తకాల్లో ఉండే జర్మన్ కాదు. యూరప్ బయటి దేశాల విద్యార్థులు వచ్చిన ఆరు నెలల దాకా పని చేయకూడదు, ఆ తర్వాత కూడా సెమిస్టరు నడిచేటప్పుడు వారానికి 15 గంటలే. చదువైపోయాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఆరు నెలలు టైమ్ ఇస్తారు. పార్ట్‌టైమ్ చేసుకుంటూ అప్పు తీర్చేస్తానని లెక్కలు వేసుకునే ఇళ్ళల్లో ఈ మూడు వాక్యాలూ ముందే చదివి వినిపించాలి.

ఫీజు విషయం మాత్రం మన వాళ్ళు నమ్మరు. ప్రభుత్వ యూనివర్సిటీలు కాబట్టి ఈ రెండు చోట్లా సెమిస్టరు ఫీజు చాలాకాలంగా వెయ్యి ఫ్రాంకులకి అటూ ఇటూగానే ఉంటూ వచ్చింది. బతకడానికయ్యే ఖర్చే అసలు ఖర్చు, గది అద్దె, అందరికీ తప్పనిసరైన హెల్త్ ఇన్సూరెన్సు, తిండి. వీసాకి ఏడాదికి సుమారు 20 వేల ఫ్రాంకులు చూపించమంటారు, కాంటన్‌ని బట్టి కాస్త అటూ ఇటూ. ఫీజులు కూడా ఎప్పటికీ ఇలాగే ఉంటాయనుకోకూడదు, జ్యూరిక్, లోజాన్‌లలోని రెండు ఫెడరల్ టెక్నికల్ యూనివర్సిటీలు 2025 శరత్తు నుంచి కొత్తగా చేరే విదేశీ విద్యార్థులకి ఫీజు మూడింతలు చేశాయి. చేరే ఏడాది ఫీజు ఆ ఏడాదే చూసుకోవాలి.

ఈ తక్కువ ఫీజే ఏజెంట్లకి నచ్చనిదని నా అనుమానం. ప్రభుత్వ యూనివర్సిటీలు కమిషన్లు ఇవ్వవు. నాకు తెలిసిన ఒక అబ్బాయి ఈ కోర్సు గురించి అడిగితే, ఒక కన్సల్టెన్సీ వాళ్ళు "అదంతా థియరీ బాబూ, ప్లేస్‌మెంట్స్ ఉండవు" అని చెప్పి, పేరులో స్విస్ అని ఉన్న ఒక ప్రైవేటు సంస్థలో ఇంటర్నేషనల్ ఫైనాన్స్ కోర్సు అంటగట్టబోయారు, ఫీజు దీనికి ఇరవై రెట్లకి పైనే. వాళ్ళమ్మగారు ఫోన్ చేసి "స్విట్జర్లాండే కదండీ, ఏదైతేనేం" అన్నారు. ఏదైతేనేం కాదమ్మా అని చెప్పాను. ఇక్కడి చట్టం ప్రకారం అక్రెడిటేషన్ ఉన్నవాళ్ళే యూనివర్సిటీ అని పేరు పెట్టుకోవాలి, గుర్తింపు ఉన్న వాటి జాబితా స్విస్‌యూనివర్సిటీస్ అనే సంస్థ అందరికీ కనిపించేలా పెట్టింది. అందులో పేరుందా లేదా అని చూడడానికి రెండు నిమిషాలు చాలు. పేరు లేకపోతే ఆ సంస్థ చెడ్డదని కాదు, కానీ ఆ పట్టాతో ఇక్కడ పీహెచ్‌డీకో ప్రభుత్వ ఉద్యోగానికో పోతే తలుపు తెరుచుకోకపోవచ్చు.

మీకు నేను అడిగేది పెద్దదేం కాదు. ఆ పట్టికలో 'ఎంబీఏ ఫైనాన్స్‌తో సమానం' అన్నది తీసేసి సవరణ వేయండి. మళ్ళీ ఇలాంటి కథనం వేసేటప్పుడు ర్యాంకు, ఫీజు, వీసాతో పాటు డిగ్రీలో ఏ పేపర్లు చదివి ఉండాలో, చదువు ఏ భాషలోనో, ఉద్యోగానికి ఏ భాష కావాలో మూడు గడులు అదనంగా పెట్టండి. గడువుల సంగతి కూడా, యూరప్ బయటివాళ్ళకి వీసాకే నెలలు పడుతుంది కాబట్టి క్లాసులు సెప్టెంబర్లో అయితే ఆ ముందు ఏడాది చివర్లోనే కాగితాలు సిద్ధం చేసుకోవాలి, మీ కథనం మే నెలలో వేస్తే ఆ ఏటికి ఎవరికీ పనికిరాదు. అక్టోబర్లో వేయండి. అప్పుడు ఇక్కడి క్లాసుల గురించి, రెండు ఊళ్ళ మధ్య తిరిగే చదువు గురించి వివరంగా రాసి పంపమంటే పంపుతాను, ఆ కోర్సు పూర్తిచేసిన ఒకరిద్దరితో కూడా మాట్లాడించగలను.

ఇట్లు,
మీ పాఠకుడు,
బాసెల్